మావయ్య రాడనుకోండి

విపత్తుల ప్రణాళిక రాయాలన్న మాట మున్సిపాలిటీ ఆఫీసులో పడగానే అందరికీ ఒకేసారి వేరే పనులు గుర్తొచ్చాయి. ఒకరికి పన్నుల వసూళ్లు, ఇంకొకరికి మోకాళ్ల నొప్పులు. ఎవరూ ముట్టుకోని పని చివరికి ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? కొత్తగా చేరిన అమ్మాయి నెత్తిన పడింది. వారం తిరక్కుండానే అందరూ ఆమె అసలు పేరు మరిచిపోయి ప్లానమ్మ అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా పోనీలెమ్మని ఊరుకుంది. అంతకన్నా అధ్వానమైన పేర్లు ఆ ఆఫీసులో చాలామందికి ఉన్నాయి.

వరదొస్తే ఏం చేస్తారు, మంటలు లేస్తే ఏం చేస్తారు, ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు లీకైతే ఏం చేస్తారు అని ప్లానమ్మ అన్ని చోట్లా తిరిగి అడిగింది. ఫైరాఫీసరు మీసం దువ్వుకుని "అంతా రెడీ అమ్మా" అన్నాడు. ఆసుపత్రి హెడ్ నర్సు "మా దగ్గర ఏ లోటూ లేదు" అంది. బడి హెడ్‌మాస్టరు కూడా అంతే. అందరూ ఇంత రెడీగా ఉన్న ఊరు పోయినేడు ఓ మోస్తరు వానకే మోకాలి లోతు ఎందుకు మునిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయికి అనుమానం ఎక్కువ. మంచి ప్లాను రాయాలంటే అది ఉండాల్సిన గుణమే.

ఒక మధ్యాహ్నం అందర్నీ కౌన్సిల్ హాల్లో కూర్చోబెట్టింది. బల్ల మీద ఊరి మ్యాపు పరిచి, ఇంట్లో నుంచి సంచీలో పోసుకొచ్చిన సీసా మూతల్ని కుప్పగా పోసింది. ఎర్రవి ఫైరు వాళ్లు, తెల్లవి ఆసుపత్రి వాళ్లు, నీలంవి బడి వాళ్లు. దగ్గుమందు సీసాది ఒకే ఒక్క పసుపు మూత ఉంది. అది మున్సిపాలిటీ ట్రాక్టరు, దాన్ని నడిపే మనిషి.

"ఇప్పుడు వాన పడుతోంది. ఏరు పొంగింది. పల్లపు వీధిలోకి నీళ్లొస్తున్నాయి. ఎవరేం చేస్తారో మూతలు జరిపి చూపించండి," అంది ప్లానమ్మ.

మొదట నవ్వుకున్నారు. పిల్లలాటలా ఉందన్నారు. తర్వాత మెల్లగా చేతులు కదిలాయి. పడవని పల్లపు వీధికి లాక్కెళ్లాలి, దానికి ట్రాక్టరు కావాలి అంటూ ఫైరాఫీసరు పసుపు మూత మీద చెయ్యేశాడు. ఆగండాగండి, కరెంటు పోతే మాకు జనరేటరు తేవాలి, అది ట్రాక్టరుకి తగిలించే వస్తుంది అంటూ హెడ్ నర్సూ అదే మూత పట్టుకుంది. బడి మేడ మీదికి జనాన్ని ఎక్కించాలంటే తాళాలు ట్రాక్టరు నడిపే ఆయన దగ్గరే ఉన్నాయని, తనూ మూత మీద చెయ్యేసి హెడ్‌మాస్టరు అన్నాడు. బల్ల చివర టీ తాగుతున్న కమిషనర్ గారు కూడా వంగి, "ముందు కాలవ గేటు దించకపోతే ఏటి నీళ్లు ఎదురు తన్నుకొస్తాయి. అది మన మావయ్యే దించుతాడు," అని ఆ మూతనే తన వైపు లాక్కున్నారు.

నాలుగు చేతులు ఒక్క మూత మీద. హాలు గొల్లుమంది. ప్లానమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఎందుకంటే ఆ పసుపు మూత ఆమె మావగారు.

ఊళ్లో ఆయన్ని ఇదిగో మావయ్య అంటారు. ఎవరు ఎప్పుడు ఫోన్ చేసి ఏ పని అడిగినా "ఇదిగో, వచ్చేస్తున్నా" అనడం తప్ప ఆయనకి ఇంకో జవాబు రాదు. చేరింది ట్రాక్టరు డ్రైవరుగానే అయినా గేటు దించడం, జనరేటరు తిప్పడం, బావిలో పడ్డ దూడని పైకి తీయడం, అన్నీ ఆయన పనులే అయిపోయాయి. రిటైరైన రోజు దండ వేసి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, ట్రాక్టరు స్టార్టవడం లేదు రమ్మన్నారు. వెళ్లాడు. అప్పట్నుంచి వెళ్తూనే ఉన్నాడు. ఊరందరికీ తల్లో నాలుక. తల్లో నాలుకైతే బాగానే ఉంటుంది గానీ, ఊరంతటికీ ఒకటే నాలుకైతే ఎలా?

ఇంకో సంగతి ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. పోయినేడు ఆయన గుండెకి స్టెంటు వేశారు. బరువు పనులు చెయ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. "చుట్టాలింటికి వెళ్లానని చెప్పండి. గుండె జబ్బని తెలిస్తే ఇక నన్నెవడూ పిలవడు," అని ఆయన భార్య చేతా, కొడుకు చేతా, కోడలి చేతా ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు వల్ల ప్లానమ్మ ఇప్పుడు అసలు కారణం చెప్పడానికి లేదు.

"సరే. ఇప్పుడు మావయ్య రాడనుకోండి," అంది.

హాల్లో నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"రాకపోవడమేంటమ్మా? ఆయనా?" అన్నాడు ఫైరాఫీసరు.

"అనుకోండి అంటున్నాను. ఆయన రాడు. మీరు నలుగురూ ఏం చేస్తారు?"

"అపశకునం మాటలెందుకమ్మా," హెడ్ నర్సు గొంతు తగ్గించింది. "తథాస్తు దేవతలుంటారు. ఆయన రాలేదంటే అర్థమేంటి? ప్రాణముంటే వచ్చే మనిషి."

"సొంత మావగారిని పట్టుకుని ఆ మాట నోటికెలా వచ్చింది?" కమిషనర్ గారు గ్లాసు కింద పెట్టారు. "ఆయన ఉన్నాడు కదా. ఉన్న మనిషిని లేకుండా చేసి ప్లాను రాయడమేంటి?"

ఇదీ ఆ ఊరి సంగతి. ఏరు పొంగుతుందని మాట్లాడొచ్చు, గ్యాసు లీకవుతుందని మాట్లాడొచ్చు. ఒక్క మనిషి రాలేడేమో అంటే మాత్రం పాపం చుట్టుకుంటుంది. ప్లానమ్మకి ఒళ్లు మండింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంటుంది వీళ్ల వ్యవహారం అనుకుంది. పైకి మాత్రం, పసుపు మూత తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"రాడు. ఇప్పుడు జరపండి."

ఒక్కరూ ఒక్క మూతా జరపలేకపోయారు. అంతసేపూ రెడీ రెడీ అన్న పెద్దమనుషులంతా మ్యాపు వైపు చూస్తూ కూర్చున్నారు. పల్లపు వీధి మునిగిపోయింది, ఆసుపత్రి చీకటైపోయింది. చివరికి కమిషనర్ గారే గొంతు సవరించుకుని, "నిజమేనమ్మా," అన్నారు. మంచి మనిషి, తప్పు తెలిస్తే ఒప్పుకుంటారు. "ఏం చెయ్యమంటావో చెప్పు."

"ప్రతి పనికీ ఇద్దరో ముగ్గురో ఉండాలండీ. ఎవరు రాకపోయినా ఇంకొకరు చెయ్యగలగాలి. ఏ పనికీ మావయ్య ఉండకూడదు."

ఊళ్లో మాట కాళ్లున్న మనిషికన్నా ముందు నడుస్తుంది. ప్లానమ్మ ఇల్లు చేరేసరికి అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"మీ మావయ్యని ఎత్తేశావట?"

"ప్లానులోంచి అత్తయ్యా."

"మంగలి షాపులో అందరూ అదే మాటట. నీ కోడలు నిన్ను తీసి సంచీలో వేసుకుందట గదా అన్నారట. గడ్డం సగంలో ఉండగా లేచొచ్చేశారు."

నిజమే. మావయ్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప తెల్లగా గరుగ్గా ఉంది. ఇంకో సందర్భంలో అయితే ప్లానమ్మ నవ్వేదే.

"నేను రానని ఎవరన్నారు నీకు?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ బాధేసింది.

"ఎవరూ అనలేదు."

"ఎప్పుడన్నా ఎవరన్నా పిలిస్తే నేను వెళ్లకుండా ఉన్నానా?"

"లేదు."

"మరి రానని ఎలా రాస్తావు?"

ప్లానమ్మ ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. చెప్పాలనుకున్న మాటలన్నీ దారిలో బాగానే కుదిరాయి. ఇక్కడికొచ్చాక ఒక్కటే మిగిలింది. "మీరు రారని కాదు మావయ్యా. వస్తారనే నా భయం. ఆ గేటు చక్రం తిప్పుతూ మీరు అక్కడే పడిపోతే, ఊరు గేటు కోసం చూస్తుంది. మేం మీ కోసం చూస్తాం. నాకు చిన్నప్పుడే నాన్న పోయారు. ఇంకోసారి నా వల్ల కాదు."

అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. మావయ్య లేచి, మిగిలిన సగం గడ్డం గీయించుకోవడానికి వెళ్లిపోయాడు. కోడలితో మాట్లాడటం మాత్రం ఆ సాయంత్రం నుంచి మానేశాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఆమె ఎదురుగా ఉన్నా సరే, "అమ్మాయికి చెప్పు, గొడుగు మరిచిపోయింది," అని భార్యతో అనేవాడు. "ఆయనకి చెప్పండి, తీసుకున్నానని," అని ఈమె అనేది. మధ్యలో అత్తయ్యకి ఇద్దర్నీ కలిపి ఓ మొట్టికాయ వేయాలనిపించేది.

ప్లానమ్మ ఆగలేదు. ఆగితే ఆమె ప్లానమ్మ ఎందుకవుతుంది? కాలవ గేటు పని రోడ్లు ఊడ్చే ఆడవాళ్ల జట్టుకి అప్పజెప్పింది. వాళ్ల మేస్త్రీని అందరూ పెద్దక్క అంటారు. తెల్లారకముందే కాలవ గట్టు మీద ఉండేది వాళ్లే, ఇంకెవరు చేస్తారు? జనరేటరు లాగడానికి ఆసుపత్రి వ్యానుకి కొక్కెం పెట్టించి, లిఫ్టు నడిపే అతనికీ, కరెంటు పని చేసే అతనికీ నేర్పించింది. పడవకి ఫైరు జీపు చాలంది. బడి తాళాలు మూడు చేయించి మూడిళ్లకి ఇచ్చింది. తర్వాత అందర్నీ మళ్లీ మళ్లీ ప్రాక్టీసుకి పిలిచి ప్రాణం తీసింది.

గేటు ప్రాక్టీసు మొదటి రోజున మావయ్య పనేమీ లేనట్టు అటుగా నడుచుకుంటూ వచ్చాడు. పెద్దక్క గబగబా ఓ కుర్చీ వేయించింది. ప్లానమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇనప చక్రాన్ని ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ లాగారు. గేటు అంగుళం కదల్లేదు. మావయ్య కుర్చీలోంచి లేచాడు.

"అటు కాదర్రా..."

"మావయ్యా," అంది ప్లానమ్మ, మాట్లాడకూడదన్న పంతం మరిచిపోయి. "మీరు ఇవాళ రాలేదు. కూర్చోండి."

"రాని మనిషికి కుర్చీ ఎందుకేశారు?"

ఆడవాళ్లంతా చక్రం వదిలేసి నవ్వారు. పెద్దక్క అయితే గట్టు మీద కూలబడింది. "రాని మావయ్యా, టీ తాగుతావా?" అని అడిగింది. ఆయన మూతి ముడుచుకునే తాగాడు.

గేటు ఆ రోజు సగం దిగి ఆగిపోయింది. కింద ఏముందా అని చూస్తే పాత సిమెంటు బస్తాలు, విరిగిన కుర్చీ, ఓ కొబ్బరి బొండాల కుప్ప. వాన దేవుడిదే గానీ చెత్త మాత్రం మనదే. అప్పట్నుంచి ముందు గేటు దిగే గాడి శుభ్రం చేసి తర్వాతే చక్రం పట్టుకోవాలని పెద్దక్క తన జట్టుకి కట్టడి చేసింది. తర్వాతి ప్రాక్టీసులో గేటు ముప్పాతిక దిగింది. ఆ తర్వాతి దాంట్లో పూర్తిగా దిగి కింది రాతికి ఆనింది. చుట్టూ చప్పట్లు కొట్టారు. మావయ్య ఏదో అనబోయి, దిద్దడానికి ఏమీ కనబడక, టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ నడుస్తున్న వీపు చూస్తుంటే ప్లానమ్మకి గెలిచినట్టూ ఉంది, తప్పు చేసినట్టూ ఉంది.

వాన వచ్చింది. ప్రాక్టీసు వాన కాదు, అసలుది.

తెల్లవారుజాము నుంచి ఏకధాటిగా కురిసింది. మధ్యాహ్నానికి ఏరు గట్టు అంచుకి వచ్చింది. కౌన్సిల్ హాలే కంట్రోల్ రూము. బల్ల మీద అదే మ్యాపు, అవే మూతలు, వరసగా ఫోన్లు. కమిషనర్ గారు గొడుగు పట్టుకుని పల్లపు వీధికి వెళ్లారు, దగ్గరుండి జనాన్ని కదిలించడానికి. కంట్రోల్ రూములో కూర్చున్న మనిషి తన బదులు ఇంకొకరు రానిదే కుర్చీ వదలకూడదని ప్లానులో రాసి ఉంది. రాసిందీ ఆమే, కూర్చుందీ ఆమే.

మొదటి ఫోను ఇంటి నుంచి వచ్చింది.

"మీ మావయ్య కనబడటం లేదే," అంది అత్తయ్య. "పక్కింట్లో వాళ్ల సామాన్లు మేడ మీద పెట్టించడానికి వెళ్లాను. వచ్చేసరికి లేరు. రెయిన్‌కోటు లేదు. ఫోన్ మాత్రం మంచం మీదే ఉంది. గేటు దగ్గరికే పోయుంటారు. నాకు తెలుసు, ఆ మనిషి ఆగడు."

వెతకమని భర్తని పంపుదామంటే ఆయన ఎక్కిన బస్సు అవతలి ఊళ్లో వాన తగ్గేదాకా ఆగిపోయింది. "మీరు ఇల్లు కదలకండి అత్తయ్యా. నేను కనుక్కుంటాను," అని చెప్పి ప్లానమ్మ పెద్దక్క నంబరు నొక్కింది.

పెద్దక్క మూడో సారికి ఫోనెత్తింది. వాన హోరులో అరుస్తోంది. "దిగిపోయిందమ్మా గేటు! ఎవడో పరుపు పడేశాడు కాలవలో. దాన్ని లాగి అవతల పారేసి మరీ దించాం. చుక్క నీరు ఇటు రావడం లేదు."

"మావయ్య వచ్చారా అక్కడికి?"

"రాలేదే. రాడనే కదా మమ్మల్ని పెట్టావు."

గేటు దిగిందంటే సగం ఊరు బతికినట్టే. ఏడాది నుంచి ఆమె ఎదురుచూసిన మాట అది. సంతోషించడానికి కూడా లేకపోయింది. గేటు దగ్గర లేకపోతే ఆయన ఎక్కడున్నట్టు?

ఫైరాఫీసరు పిలిచాడు. జీపు పడవని లాక్కొచ్చింది, పల్లపు వీధిలో ముసలివాళ్లని, బాలింతని దాటించేశారు, అందరూ క్షేమం. మావయ్యా? ఇటు రాలేదమ్మా. హెడ్‌మాస్టరు పిలిచాడు. బడి మేడ తెరిచారు, తాళం మొదటి ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే రెండో ఇంటివాళ్లు తెచ్చిచ్చారు, పిల్లలు అప్పుడే కారిడార్లో పరుగులు పెడుతున్నారు. మావయ్యా? లేడమ్మా, చూడలేదు. ఎక్కడ అడిగినా పని అయిపోయింది, ఎక్కడ అడిగినా మనిషి లేడు. ప్రతి ఫోనూ ఓ మంచి కబురు చెప్పి, ఆయన ఉండగలిగిన చోటు ఒకటి తీసేస్తోంది. ఇక ఏటి గట్టు మిగిలింది.

ఆసుపత్రి ఫోను మాత్రం మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. ఆ వైపు కరెంటు పోయిందని కబురొచ్చింది. కిటికీలోంచి చూస్తే అటంతా బూడిద రంగు వాన తప్ప ఏమీ కనబడలేదు.

కమిషనర్ గారు తల నుంచి పాదాల దాకా నీళ్లోడుతూ లోపలికి వచ్చిన నిమిషానికే ఆ ఫోను వచ్చింది.

"జనరేటరు వచ్చిందమ్మా, కరెంటు వచ్చింది," అంది హెడ్ నర్సు. "మొదటిసారి స్టార్టవలేదు, రెండోసారి పట్టింది. మనవాళ్లు బాగా చేశారు. ఇంకో మాట. మీ మావయ్య ఇక్కడే ఉన్నారు."

ప్లానమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ లేచొచ్చింది. "చూశారా, చెప్పినా వినలేదు. జనరేటరు కోసం అక్కడికి పోయారా? ముందు ఆయన్ని కూర్చోబెట్టండి. చెయ్యి వెయ్యనివ్వకండి దాని మీద."

"జనరేటరు కోసం కాదమ్మా. వార్డులో ఉన్నారు, మంచం మీద. గుండె పట్టేసినట్టుందని ఇందాక ఆటోలో ఒక్కరే వచ్చారు. మందు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగిపోయాయి." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు బాగానే ఉన్నారు. డాక్టరు గారు గండం గడిచిందన్నారు. నిజంగా బాగున్నారమ్మా, నేను నీకు అబద్ధం చెప్పను."

ప్లానమ్మ ఫోను పెట్టేసి అలాగే కూర్చుంది. కమిషనర్ గారు ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా, తడిసిన చొక్కాతోనే పక్క కుర్చీ లాక్కున్నారు.

"లేమ్మా. ప్రతి పనికీ ఇంకొకరు ఉండాలని నువ్వే కదా అన్నావు. నీ కుర్చీకి నా పేరే రాశావు. వెళ్లు," అన్నారు.

అప్పుడు వచ్చింది ఏడుపు.

వాన తగ్గుముఖం పట్టాక ఫైరు జీపులో దారిలో అత్తయ్యని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లింది. అత్తయ్య దారంతా ఒకటే తిట్లు. చెప్పులేసుకోకుండా పోయాడట, చెప్పకుండా పోయాడట, ఈ మనిషితో వేగడం తన వల్ల కాదట. ఒక చేత్తో మాత్రం కోడలి చెయ్యి నొప్పెట్టేలా పట్టుకునే ఉంది.

మావయ్య దిండుకి ఆనుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది గానీ కళ్లు మామూలుగానే ఉన్నాయి. కోడల్ని చూడగానే, భార్య మధ్యవర్తిత్వం లేకుండా, "గేటు దిగిందా అమ్మాయ్?" అని అడిగాడు.

"దిగింది మావయ్యా. పరుపు అడ్డం పడితే తీసి మరీ దించారు."

"పెద్దక్క గట్టిది," అని తలాడించాడు.

"ఆ గేటు మాట తర్వాత. నాతో ఒక్క మాట చెప్పకుండా ఎలా వచ్చారు?" అంది అత్తయ్య.

"నీకు చెబితే నువ్వు ఏడుస్తావు. నిన్ను ఓదార్చేసరికి ఆటో పోయేది."

అత్తయ్యకి నవ్వాలో కొట్టాలో తెలియక దుప్పటి సర్దింది.

మావయ్య మెల్లగా చెప్పాడు. మధ్యాహ్నం వాన చూస్తూ కూర్చుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టైంది. వెనకటి రోజులైతే ఓ మాత్ర మింగి, రెయిన్‌కోటు వేసుకుని గేటు దగ్గరికే పోయేవాడు. "పోతే అక్కడే పోయేవాణ్ణి. కోటు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చా కూడా. అప్పుడు గుర్తొచ్చింది. గేటు దగ్గర పెద్దక్క ఉంది. జనరేటరుకి లిఫ్టబ్బాయి ఉన్నాడు. బడికి మూడు తాళాలున్నాయి. నేను పోకపోతే ఏమవుతుందీ అంటే, ఏమీ అవదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అలా అనుకోలేదమ్మాయ్. అనుకోగానే కాళ్లు ఆసుపత్రి వైపు తిరిగాయి."

"మరి ఫోన్ ఎందుకు వదిలేశారు?" అంది ప్లానమ్మ. "మా ప్రాణాలు పోయాయి ఇక్కడ."

"అది చేతిలో ఉంటే ఎవడో ఒకడు చేస్తాడు. నా నోరు నా మాట వినదు. ఇదిగో వచ్చేస్తున్నా అంటుంది." ఆయన కోడలి చేతి మీద చెయ్యేశాడు. "కరెంటు పోయినప్పుడు ఇక్కడ చీకట్లో పడుకుని జనరేటరు చప్పుడు కోసం విన్నాను. ఊళ్లో ఎన్నిసార్లు దాన్ని నేను లాక్కొచ్చానో. ఎవరి కోసమో తెస్తున్నా అనుకునేవాణ్ణి. మొదటిసారి పట్టలేదు. రెండోసారి పట్టింది. అప్పుడనుకున్నా, నువ్వు నన్ను తీసెయ్యకపోయుంటే అది తేవాల్సిన మనిషి ఈ మంచం మీదే ఉండేవాడు గదా అని."

ప్లానమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచి కర్చీఫు కోసం వెతుకుతుంటే వేళ్లకి పసుపు మూత తగిలింది. ఆనాటి నుంచి అందులోనే ఉంది. తీసి ఆయన మంచం పక్క బల్ల మీద, మాత్రల పక్కన పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దగ్గుమందు మూతా? కనీసం ఓ మంచి సీసా దొరకలేదా నా కోసం?" అన్నాడు.

ముగ్గురూ నవ్వుతుండగా హెడ్ నర్సు ఫోను పట్టుకుని వచ్చింది. మొహం ఇబ్బందిగా ఉంది.

"బడి నుంచి హెడ్‌మాస్టరు గారు. మేడ మీద నీళ్ల మోటారు ఆగిపోయిందట. మావయ్య ఆసుపత్రి దగ్గరున్నాడని ఎవరో చెప్పారట, జనరేటరు పని మీద ఉన్నాడేమో అనుకుంటున్నారు. వీలైతే ఓసారి వచ్చి చూస్తారా అని అడుగుతున్నారు. రాలేరని నేను చెప్పేస్తాను లెండి."

గదిలో అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన నోరు అలవాటుగా తెరుచుకుంది. ఇదిగో అన్న మాట పెదాల దాకా రావడం ప్లానమ్మకి కనబడింది. అత్తయ్య చేతిలో దుప్పటి అంచు అలాగే ఆగిపోయింది. మావయ్య నోరు మూసుకుని, ఫోను ఇటివ్వమని చెయ్యి చాచాడు.

"మాస్టారూ, నేను రాను," అన్నాడు. ఆ మాట కొత్తగా ఉండి కాబోలు, రుచి చూసినట్టు మళ్లీ అన్నాడు. "రానండీ. మోటారుకి మూడో తాళం ఇంటి కుర్రాణ్ణి పెట్టింది మా అమ్మాయి. అతన్ని పిలవండి."

ఫోను కోడలికి ఇచ్చేసి దిండు మీద వాలి కళ్లు మూసుకున్నాడు. అవతల హెడ్‌మాస్టరు ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"ఎవరమ్మా ఇప్పుడు మాట్లాడింది? మావయ్యేనా?" అని అడుగుతున్నాడు.

"అవునండీ," అంది ప్లానమ్మ. "మా మావయ్యే."